మలేషియాకు అశ్వగంధ క్యాప్సూల్స్ పంపేముందు ఇవి చూసుకోండి

మొక్కే కదా, హలాల్ కాకుండా ఎలా పోతుంది అనుకోకండి. వేరుతో ఇబ్బంది లేదు, దానికి తోడు చేరేవాటితోనే అసలు చిక్కు.

- ముందు క్యాప్సూల్ తొడుగు. జెలటిన్ అయితే అది పందిదా, పశువుదా, పశువుదైతే హలాల్ పద్ధతిలో కోసినదేనా అన్నది కాగితం మీద ఉండాలి, సప్లయర్ నోటిమాట చాలదు. ఈ టెన్షన్ వద్దనుకుంటే మొక్కల నుంచి చేసే హెచ్‌పీఎంసీ తొడుగు తీసుకోండి, నా సలహా అదే.
- పొడి మిషన్లకు అంటుకోకుండా కలిపే మెగ్నీషియం స్టియరేట్‌ను జంతువుల కొవ్వుతోనూ చేస్తారు, పామాయిల్‌తోనూ చేస్తారు. అడగండి.
- ఎక్స్‌ట్రాక్ట్ వాడుతుంటే ఏ సాల్వెంట్‌తో (సారం తీసే ద్రవంతో) తీశారో, ఇథనాల్ అంటే ఆల్కహాల్ అయితే చివరికి ఎంత మిగిలిందో ల్యాబ్ రిపోర్టు తెప్పించి, హలాల్ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు ముందే చూపించండి.
- మిషన్లు, గోడౌన్, లారీ. అదే లైన్ మీద అంతకుముందు పంది జెలటిన్ నడిచి ఉంటే మామూలుగా కడిగితే సరిపోదు, మలేషియా నియమం ప్రకారం ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టి కలిపిన నీళ్లతో. రవాణాకు, గోడౌన్లకు అక్కడ ఎంఎస్ 2400 అని విడిగా ప్రమాణాలే ఉన్నాయి.
- మీ సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ జాకిమ్ (హలాల్ వ్యవహారాలు చూసే మలేషియా ప్రభుత్వ శాఖ) గుర్తించినదేనా, గడువు మిగిలి ఉందా అన్నది లేబుళ్లు అచ్చుకు ఇవ్వకముందే చూడండి.