సముద్రం పక్కన ఇల్లు కొనే ముందు

తిరుపతి ఎండలకు విసిగి నెల్లూరు దగ్గర మైపాడు వైపు చిన్న ఇల్లు కొనుక్కుందాం అనుకునేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూసుకోండి.

మొదట సీఆర్‌జెడ్, అంటే తీరప్రాంతంలో కట్టడాలను నియంత్రించే నిబంధనలు. సముద్రపు పోటు గరిష్ఠంగా వచ్చే గీత నుంచి 500 మీటర్ల దాకా ఈ నిబంధనలు ఉంటాయి, పల్లెల్లో చాలాచోట్ల మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలే కుదరవు, కాబట్టి బ్రోకర్ "బీచ్ పక్కనే సార్" అనగానే ఆశపడకుండా అనుమతి కాగితాలు అడగండి.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) తీయించండి. సర్వే నంబరు 22-ఎ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో, ఉందేమో చూడండి. డీకేటీ భూమి (ప్రభుత్వం పేదలకు పట్టా ఇచ్చిన భూమి) అయితే లాయరుకు చూపించకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

ఇల్లు చూడటానికి ఎండాకాలంలో కాదు, అక్టోబరు, డిసెంబరు మధ్య గట్టి వాన పడిన మర్నాడు వెళ్లండి, మన తీరానికి తుపాన్ల టెన్షన్ ఎక్కువగా అప్పుడే, నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో గోడల మీద మరకలే చెబుతాయి.

బోరు నీళ్లు టెస్టుకు ఇవ్వండి.

శ్లాబు అడుగున చేత్తో తట్టి చూడండి. ఉప్పుగాలికి లోపల కమ్మీ తుప్పుపట్టి ఉబ్బితే కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది, పైన సిమెంటు పూసి రంగు కొట్టి అమ్మేసేవాళ్లు ఉంటారు, గుల్ల శబ్దం వస్తే ఆ ఇల్లు వదిలేయండి.

తీరం కోతకు గురవుతోందా అని అక్కడి మత్స్యకారులనే అడగండి. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఎన్నో ఇళ్లు అలా సముద్రంలో కలిసిపోయాయి.