సెకండ్ లైఫ్, వీఆర్‌చాట్ లాంటి చోట్ల సరదా స్నేహాలు ఎలా చేసుకోవాలి?

సెకండ్ లైఫ్, వీఆర్‌చాట్ అంటే మనకి బదులు ఒక బొమ్మని (అవతార్‌ని) తిప్పుతూ వేరేవాళ్ళ బొమ్మలతో మాట్లాడుకునే ఆన్‌లైన్ లోకాలు. సెకండ్ లైఫ్‌లో అకౌంట్ తెరిచి, బొమ్మకి జుట్టూ చొక్కా మార్చి, పది చోట్లకి క్షణాల్లో ఎగిరిపోయి (టెలిపోర్ట్ అయి), ఒక్కరూ పలకరించలేదని విసుక్కుని బయటికొచ్చేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఇంకో రకం కూడా ఉన్నారు. రెండో రోజుకే ఎవరితోనో ప్రాణస్నేహం కుదిరిపోయి, మూడో వారంలో ఆ మనిషి మెసేజ్‌కి జవాబివ్వలేదని అన్నం మానేసేవాళ్ళు. ఈ రెండూ కాకుండా హాయిగా ఉండే పద్ధతి ఒకటుంది: కనిపిస్తే కబుర్లు, కనిపించకపోతే బెంగ లేదు. అలాంటి పరిచయాలు ఎలా దొరుకుతాయి, దొరికినవాటిని బరువెక్కనివ్వకుండా ఎలా ఉంచుకోవాలి అన్నదే ఇక్కడ చెబుతున్నా. ఎక్కువ ఉదాహరణలు సెకండ్ లైఫ్‌వే, 2003 జూన్ నుంచి నడుస్తోంది కాబట్టి అక్కడ మర్యాదలు బాగా స్థిరపడిపోయాయి. వీఆర్‌చాట్‌లో తేడా ఉన్నచోట ఆ సంగతీ చెబుతాను.

1. ముందు మీకు నోరు పెగిలే బొమ్మని ఎంచుకోండి

అందమైన బొమ్మ అనలేదు, నోరు పెగిలే బొమ్మ అన్నాను. 2007లో నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ అనే పరిశోధకులు కొన్ని ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. పొడుగాటి అవతార్ ఇచ్చినవాళ్ళు బేరంలో గట్టిగా నిలబడ్డారు, అందమైన అవతార్ ఇచ్చినవాళ్ళు ఎదుటివాళ్ళకి ఇంకొంచెం దగ్గరగా వెళ్ళి, తమ గురించి ఇంకొంచెం ఎక్కువ చెప్పుకున్నారు. అంటే వేసుకున్న బొమ్మ మన తీరుని కూడా మారుస్తుందన్నమాట. కాబట్టి రెండు మూడు వేసి చూసుకోండి. పిల్లి బొమ్మ వేసుకుంటే గలగలా మాట్లాడేసి, మనిషి బొమ్మ వేసుకుంటే బిగుసుకుపోయేవాళ్ళు ఉన్నారు, మీరూ అలాంటివారైతే పిల్లిగానే ఉండండి, ఎవరూ ఏమీ అనుకోరు.

డబ్బు మాత్రం ఇప్పుడే పెట్టకండి. ఉచితంగా దొరికే బట్టలు, జుట్లు బోలెడు. పైగా కొత్తవాళ్ళకి కొత్తగా కనిపించడమే లాభం. సెకండ్ లైఫ్‌లో కొన్న వస్తువులు చాలావరకు పెట్టెలో వస్తాయి. ఆ పెట్టెని విప్పకుండా నేరుగా 'తొడుక్కుంటే' అది పోయి చేతికి అతుక్కుంటుంది. అలా చేతికి అట్టపెట్టె వేలాడేసుకుని క్లబ్బు మధ్యలో తిరుగుతుంటే, అక్కడి పాతకాపు ఎవరో ఒకరు "నీ చేతికి పెట్టె అంటుకుంది, చూసుకున్నావా?" అని తప్పకుండా అడుగుతారు. "అయ్యో, ఎలా తీయాలి?" అనండి. దాన్ని నేల మీద పెట్టి ఎలా తెరవాలో ఓపిగ్గా చెప్పుకొస్తారు. అంతకన్నా మంచి పరిచయం ఇంకోటి ఉండదు, సాయం చేసిన మనిషి మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు.

2. ఒకే చోటు, ఒకే వేళ

దీని మీద కాస్త ఎక్కువసేపే చెప్పాలి, ఎందుకంటే మిగతా అన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. సందు చివర టీ కొట్టు దగ్గర పరిచయాలు ఎలా కుదురుతాయో ఇక్కడా అంతే: ఎవరూ ఎవరినీ వెతుక్కుంటూ రారు, రోజూ అదే వేళకి అక్కడ నిలబడేవాళ్ళు మొహాలు చూసి చూసి పలకరించుకుంటారు. రోజుకో కొత్త ప్రదేశం తిరిగితే ఫొటోలు మిగులుతాయిగానీ మనుషులు మిగలరు.

ఎలాంటి చోటు? చేతికి ఏదో పని ఉండే చోటు. వస్తువులు తయారు చేసుకునే శాండ్‌బాక్స్‌లు, ట్రివియా (క్విజ్) ఆటలు ఆడే గదులు, డీజే పాటలు పెట్టే క్లబ్బులు, పడవ పందేలు, ఇంగ్లీషో జపనీసో నేర్చుకునేవాళ్ళ గుంపులు. ఊరికే నిలబడి మాట్లాడుకోవడం కొత్తలో కష్టం. పక్కవాడు కుర్చీ కాలు అతికించలేక తంటాలు పడుతుంటే మాట దానంతటదే వస్తుంది. వీఆర్‌చాట్‌లో ఈ పని అద్దం చేస్తుంది, చాలా వరల్డ్‌లలో గోడంత అద్దం ఉంటుంది, జనం దాని ముందు కూర్చుని గంటలకొద్దీ కబుర్లు చెప్పుకుంటారు. కొత్తలో వింతగా ఉంటుంది. నాలుగు రోజులు పోతే మీరూ అక్కడే కూర్చుంటారు.

ఇక వేళ. సెకండ్ లైఫ్ గడియారం అమెరికా పసిఫిక్ టైమ్ మీద నడుస్తుంది, అక్కడ ఏ కార్యక్రమం ప్రకటించినా ఆ టైమే రాస్తారు. మన టైమ్ దానికన్నా వాళ్ళ వేసవిలో 12న్నర గంటలు, శీతాకాలంలో 13న్నర గంటలు ముందుంటుంది. మార్చిలో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి ఈ లెక్క మారుతుంది, ఆ వారం మీరు వెళ్ళేసరికి ఎవరూ లేకపోతే కంగారు పడకండి, గంట తేడా అంతే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్ళకి అమెరికా పశ్చిమ తీరం సాయంత్రం అంటే పొద్దున్నే ఆఫీసు టైమ్, అది కుదరదు. మనకి రాత్రి పదిన్నర అంటే ఇంగ్లండ్, జర్మనీ వాళ్ళు పని ముగించుకుని లాగిన్ అయ్యే వేళ, అది చక్కగా కుదురుతుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళకి ఈ లెక్కల గొడవే లేదు, రాత్రి భోజనాలయ్యాక లాగిన్ అయితే సరిపోతుంది. రోజూ అక్కర్లేదు. మంగళవారం, శుక్రవారం అని పెట్టుకుని, ఆ రెండు రోజులూ తప్పకపోతే చాలు.

3. ఎంత దూరంలో నిలబడాలి, ఏం అనాలి

సెకండ్ లైఫ్‌లో మామూలు చాట్ 20 మీటర్ల దాకా వినిపిస్తుంది. గుసగుస అయితే 10, కేక వేస్తే 100. కాబట్టి ఎదుటి బొమ్మ మొహంలో మొహం పెట్టి నిలబడాల్సిన పనే లేదు, నాలుగైదు మీటర్ల దూరంలో ఆగండి. బొమ్మలే కదా అనుకోకండి, మీద మీదకి వస్తే అక్కడా జనం ఇబ్బంది పడి వెనక్కి జరుగుతారు. కళ్ళకి తొడుక్కునే వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్ళకైతే నిజంగానే మనిషి మీదకి వచ్చినట్టుంటుంది. మెటా కంపెనీ 2022లో హొరైజన్ వరల్డ్స్ అనే తన వీఆర్ లోకంలో బొమ్మల మధ్య సుమారు నాలుగు అడుగుల ఎడం ఉండేలా ఏర్పాటు చేసింది అందుకే.

గదిలోకి రాగానే అందరికీ కలిపి ఒక హాయ్ చెప్పి, ఐదు నిమిషాలు ఊరికే వినండి. తర్వాత కళ్ళ ముందున్న దాని గురించి ఏదైనా అడగండి. "ఆ రెక్కలు ఎక్కడ దొరికాయి?" అన్నది ఎన్నిసార్లు అడిగినా పనిచేసే ప్రశ్న, ఎందుకంటే ఆ రెక్కల కోసం ఆ మనిషి ఎన్ని షాపులు తిరిగాడో చెప్పుకోవాలని ఎదురుచూస్తుంటాడు. సెకండ్ లైఫ్‌లో ఎవరైనా టైప్ చేస్తుంటే వాళ్ళ బొమ్మ గాల్లో కీబోర్డ్ కొడుతున్నట్టు చేతులు ఆడిస్తుంది, టకటకమని చప్పుడు కూడా వస్తుంది. ఆ చేతులు ఆగేదాకా ఆగండి. ఇంకో మాట వేయకండి. అలాగే బొమ్మ తల వాల్చేసి వేలాడుతూ కనిపిస్తే మీ మాట నచ్చక కాదు, మనిషి కంప్యూటర్ ముందు లేడు, కాఫీ పెట్టుకోవడానికి వెళ్ళుంటాడు.

ఇంగ్లీషు యాస గురించి టెన్షన్ పడేవాళ్ళకి శుభవార్త: సెకండ్ లైఫ్‌లో చాలా గుంపులు టైపింగ్ మీదే నడుస్తాయి. వీఆర్‌చాట్‌లో గొంతే ఎక్కువ, కానీ అక్కడ కూడా మైకు అసలు ఆన్ చేయనివాళ్ళు బోలెడుమంది ఉన్నారు. చేతి సైగలతో, గాల్లో రాసే పెన్నులతో, తల మీద కనిపించే చాట్‌బాక్స్‌తో నెట్టుకొచ్చేస్తారు, వాళ్ళని చిన్నచూపు చూసేవాళ్ళు తక్కువ.

4. మనకి అలవాటైన ఆ మూడు ప్రశ్నలు అడగొద్దు

రైల్లో ఎదురు సీటాయన్ని మనం ఏం అడుగుతాం? ఏ ఊరు, ఏం చేస్తుంటారు, పిల్లలెంతమంది. మన దగ్గర అది ఆప్యాయత. అక్కడ అది చొరబాటు. అవతార్ వేసుకుని వచ్చిందే ఆ మూడింటినీ కాసేపు పక్కన పెట్టడానికి, ఆడో మగో కూడా చెప్పని మనిషి దగ్గరకి వెళ్ళి ఉద్యోగం, జీతం దాకా లాగితే అక్కడితో పరిచయం ఆఖరు. ముందు ప్రొఫైల్ చదవండి. సెకండ్ లైఫ్ ప్రొఫైల్‌లో బయటి జీవితం గురించి రాసుకోవడానికి విడిగా చోటుంది, అది ఖాళీగా ఉందంటే అడగొద్దనే అర్థం. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి, తిరిగి మీ గురించి అంతే మోతాదులో చెప్పండి. మీరు కూడా పూర్తి పేరు, ఆఫీసు పేరు, ఉండే కాలనీ చెప్పక్కర్లేదు. "ఇండియా, ఇక్కడ ఇప్పుడు రాత్రి పది" అంటే చాలు, దాని మీదే పది నిమిషాల కబురు నడుస్తుంది.

5. ఫ్రెండ్ రిక్వెస్ట్

వీఆర్‌చాట్‌లో ఐదు నిమిషాలు నవ్వుకున్నా రిక్వెస్ట్ పంపేసుకుంటారు, దాన్నెవరూ పెద్దగా పట్టించుకోరు. పరిచయం కొత్తదైతే ఒక్క సంగతి గమనించండి, పేరు పక్కనుండే స్టేటస్ రంగు. నీలం అంటే వచ్చెయ్యండి, నారింజ అంటే అడిగి రండి, ఎరుపు అంటే వద్దు. ఎరుపు పెట్టుకున్న మనిషికి ఇన్విటేషన్ల మీద ఇన్విటేషన్లు పంపేవాళ్ళని నేను చూశాను, తర్వాత బ్లాక్ చేశారని బాధపడతారు.

సెకండ్ లైఫ్‌లో అలా కాదు. మాటా పలుకూ లేకుండా రిక్వెస్ట్ పంపితే మొరటుతనం, "ముక్కూ మొహం తెలియనివాళ్ళు రిక్వెస్ట్ పంపొద్దు" అని ప్రొఫైల్‌లో రాసుకున్నవాళ్ళు కొల్లలు. రెండు మూడుసార్లు మాట్లాడాక, "లిస్టులో కలుపుకోవచ్చా?" అని అడిగి పంపండి. ఒప్పుకున్నాక ఆ స్నేహితుడి పేరు పక్కనే మూడు అనుమతులుంటాయి, చాలామంది వీటి జోలికే వెళ్ళరు. మీరు ఆన్‌లైన్‌లో ఉన్నారో లేదో తెలియడం ఒకటి, మ్యాప్‌లో ఎక్కడున్నారో కనిపించడం రెండోది, మీ వస్తువుల్ని మార్చడమో తీసుకోవడమో చేయగలగడం మూడోది. సరదా స్నేహానికి మొదటిది చాలు. రెండోది ఇచ్చారంటే, మీరు ఇంకో గుంపుతో కూర్చున్నప్పుడల్లా "అక్కడేం చేస్తున్నావు?" అని మెసేజ్ వస్తుంది. మూడోది బాగా నమ్మకమున్నవాళ్ళకి, అదీ కలిసి ఇల్లో బొమ్మో కడుతుంటే తప్ప ఎవరికీ వద్దు.

ఆ స్నేహితుడి ప్రొఫైల్‌లో నోట్స్ అని ఒకటుంటుంది, ఎదుటివాళ్ళ గురించి మీరు రాసుకునేది, మీకు తప్ప ఎవరికీ కనబడదు. "కుక్క పేరు బిస్కెట్. వచ్చే నెల నర్సింగ్ పరీక్ష. జోకులు నచ్చుతాయి, రాజకీయాలు వద్దు." ఇంతే రాసుకోండి. మూడు వారాల తర్వాత కలిసినప్పుడు పరీక్ష ఎలా రాశావు అని అడిగి చూడండి.

6. డబ్బు దగ్గర ఖచ్చితంగా ఉండండి

సెకండ్ లైఫ్‌లో చెల్లే డబ్బు, లిండెన్ డాలర్లు, సుమారు 250 కలిస్తే ఒక అమెరికన్ డాలర్, అంటే చిన్న చిన్న బహుమతులు రూపాయల్లోనే అయిపోతాయి. డీజే ముందున్న టిప్ జార్‌లో కాస్త వేయడం, పుట్టినరోజుకి ఓ టోపీ ఇవ్వడం బాగుంటుంది. అప్పు మాత్రం ఇవ్వొద్దు, అడగొద్దు. మెసేజ్‌లో లింకు పంపి "ఇక్కడ లాగిన్ అయి నా ఫొటోలు చూడు" అంటే, అది మీ ఫ్రెండ్ పేరు మీదనుంచి వచ్చినా సరే తెరవకండి, చాలాసార్లు ఆ ఫ్రెండ్ అకౌంటే దొంగల చేతిలో ఉంటుంది. పరిచయమైన వారంలోనే వాట్సాప్ నంబరు అడిగేవాళ్ళకి "ఇక్కడే మాట్లాడుకుందాం" అని నవ్వుతూ చెప్పండి. ఇంట్లో పిల్లలు ఆడుతుంటే వయసు నిబంధన కూడా చూడండి, వీఆర్‌చాట్‌కి కనీసం 13 ఏళ్ళు, సెకండ్ లైఫ్‌కి మామూలుగా 16.

7. గొడవలు

వస్తాయి. ఫలానావాడు ఫలానా గుంపుని తిట్టాడని స్క్రీన్‌షాట్లు మీ దాకా వస్తాయి. "నాకు ఇద్దరూ తెలుసు, నేనిందులో లేను" అని ఒకసారి చెప్పి ఊరుకోండి. మీతోనే తగువు పెట్టుకుంటే బ్లాక్ చేసేయండి, సంజాయిషీలు అక్కర్లేదు. వీఆర్‌చాట్‌లో బ్లాక్ చేస్తే ఒకరికొకరు అసలు కనబడరు, వినబడరు.

8. మనుషులు మాయమైతే

రోజూ కనిపించే మనిషి ఒకరోజు నుంచి రాడు. పరీక్షలో, పాపాయో, ఇంటర్నెట్ బిల్లో, విసుగో, ఏదైనా కావచ్చు. "నీకోసం ఆదివారం పడవ పందెం ఉంది, జవాబు ఇవ్వకపోయినా ఫర్వాలేదు" అని ఒక్క మెసేజ్ పెట్టి వదిలేయండి. రెండోది పెట్టకండి. ఆర్నెల్ల తర్వాత తిరిగొచ్చినప్పుడు "ఎక్కడికి పోయావు" అని నిలదీయకుండా, నిన్ననే కలిసినట్టు మాట్లాడితే ఆ మనిషి మళ్ళీ వస్తాడు.

ఇంతకన్నా ఇబ్బంది, చోటే మాయమవడం. సెకండ్ లైఫ్‌లో స్థలానికి యజమాని నెలనెలా డబ్బు కడుతుండాలి, కట్టలేకపోతే క్లబ్బూ లేదు, శాండ్‌బాక్సూ లేదు. మొత్తం లోకాలే మూతపడ్డాయి కూడా: క్లబ్ పెంగ్విన్ 2017 మార్చిలో, మైక్రోసాఫ్ట్ చేతిలో ఉన్న ఆల్ట్‌స్పేస్‌వీఆర్ 2023 మార్చిలో. కాబట్టి మీరు మామూలుగా కూర్చునే చోటుకి గ్రూప్ ఉంటే ఈరోజే చేరండి, స్థలం మారినప్పుడు కొత్త అడ్రసు నోటీసు అందులోనే వస్తుంది. ఆ గుంపుకి డిస్కార్డ్‌లో (గుంపులు చాట్ చేసుకునే యాప్‌లో) సర్వర్, అంటే సొంత చోటు, ఉంటే అక్కడ కూడా అదే అవతార్ పేరుతో ఒక అకౌంట్ పెట్టుకోండి, వేరే పేరు పెడితే ఎవరూ గుర్తుపట్టరు.