షట్టర్ ఎత్తక ముందే చూసుకోవాల్సినవి

వ్యాపారం పెడదామనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏది పెడితే బాగా నడుస్తుంది?" అని. నేను వాళ్లను అడిగేది ఒక్కటే: "బేరం లేకపోతే ఎన్ని నెలలు నిలబడగలరు?" నా కళ్లముందు మూతపడ్డవాటిలో చాలావాటికి లెక్కల పుస్తకంలో లాభం ఉంది. గల్లాపెట్టెలో డబ్బే లేదు.

అందుకే ఉన్నదంతా అడ్వాన్సుకూ, ఫర్నిచర్‌కూ, బోర్డుకూ పోసేయకండి. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా తీసిపెట్టి, దాన్ని మరిచిపోండి. వ్యాపారానికి వేరే ఖాతా తెరవండి. ఇంటికి ఏమైనా కావాలంటే జీతంలా నెలకోసారి ఇంతని తీసుకోండి. గల్లాలోంచి చేతికొచ్చినప్పుడల్లా తీస్తుంటే లాభం తింటున్నామో, పెట్టుబడి తింటున్నామో తెలియదు.

ఇప్పుడు ఓ కాగితం తీసుకుని లెక్క వేద్దాం. వస్తువు 100కి కొని 125కి అమ్ముతున్నారనుకోండి. పీసుకు 25 మిగులు. అద్దె, జీతాలు, కరెంటు, వడ్డీ... అమ్మినా అమ్మకపోయినా కట్టి తీరాల్సినవి నెలకు 30,000. అంటే 1,200 పీసులు అమ్మితే గానీ ఖర్చులు తేలవు. నెలకు 25 రోజులు తెరిస్తే రోజుకు 48. మీరు తీసుకోబోయే షాపు ఎదురుగా ఒకరోజు పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడండి. ఎంతమంది వెళ్తున్నారో, ఎందరు ఆగి చూస్తున్నారో, చేతిలో సంచితో బయటికొస్తున్నది ఎందరో గీతలు గీసుకోండి. తర్వాత ఆ 48 వైపు చూడండి. వీలైతే అద్దెకు దిగకముందే కొద్ది సరుకు తెచ్చి తెలియనివాళ్లకు అమ్మి చూడండి. చుట్టాలూ స్నేహితులూ మొహమాటానికి కొంటారు, అది లెక్కలోకి రాదు.

డిస్కౌంటు దగ్గర చాలామంది దెబ్బతింటారు. పది శాతమే కదా అనిపిస్తుంది. 125లో పది శాతం 12.50, అంటే మీ మిగులులో సరిగ్గా సగం. అదే 30,000 తేలాలంటే ఇప్పుడు 2,400 పీసులు అమ్మాలి. అరువు సంగతీ అంతే. ఒక్కరు 125 ఎగ్గొడితే, ఆ పీసుకు మీరు పెట్టిన 100 తిరిగి రావడానికే ఇంకో నాలుగు అమ్మాలి.

పెద్ద ఆర్డరు వచ్చిందంటే ఇంకా జాగ్రత్త. సరుకు ఇచ్చినవాళ్లకు మీరు 15 రోజుల్లో కట్టాలి, కొన్నవాళ్లు మీకు 60 రోజులకు ఇస్తారు. మధ్యలో 45 రోజులు రొటేషన్ మీ జేబులోంచే నడవాలి. ఆర్డరు ఎంత పెద్దదైతే ఆ గొయ్యి అంత లోతు. నా మొదటి పెద్ద ఆర్డరు సంతోషంలో ఈ లెక్క వేసుకోలేదు. డబ్బు ఆలస్యమైంది. పనివాళ్ల జీతాల కోసం అధిక వడ్డీకి అప్పు తేవాల్సి వచ్చింది, ఆ వడ్డీకే ఆర్డరు మీద లాభమంతా పోయింది. అప్పటినుంచి కొంత అడ్వాన్సు చేతిలో పడందే పని మొదలుపెట్టను, పాత బాకీ తీరందే కొత్త సరుకు పంపను.

వచ్చే 13 వారాలకు ఒక పట్టిక గీసుకోండి. వారం మొదట్లో ఎంత ఉంది, ఎంత వస్తుంది, ఎంత పోతుంది, చివరికి ఎంత మిగులుతుంది. రాబడి వస్తుందనుకున్న రోజు కాకుండా కనీసం రెండు వారాలు ఆలస్యంగా రాయండి. ఏ వారంలో మిగులు సున్నా కిందికి దిగుతోందో ముందే కనపడుతుంది. కస్టమర్ల దగ్గర వసూలు చేసిన పన్ను అందులో కలపొద్దు, అది మీ డబ్బు కాదు.

కాగితాల సంగతి. అద్దె ఒప్పందంలో మధ్యలో ఖాళీ చేస్తే ఏం కట్టాలో చదవండి. అప్పుకు మీ సొంత పూచీకత్తు అడుగుతున్నారంటే, షాపు పోయినా ఆ అప్పు మీ వెంటే వస్తుంది. భాగస్వామి ఉంటే, అన్నదమ్ములైనా సరే, ఎవరి వాటా ఎంత, ఎవరి పని ఏమిటి, విడిపోవాల్సి వస్తే ఎవరికెంత అన్నది మొదటి రోజే రాసుకుని సంతకాలు పెట్టండి. గొడవ వచ్చాక రాసే కాగితం మీద ఎవరూ సంతకం పెట్టరు.

చివరగా మరో కాగితం. ఏ తేదీ దాకా చూస్తారు, ఎంత పోయేదాకా భరిస్తారు, ఈ రెండూ దాని మీద రాయండి. మనసు కుదురుగా ఉన్న ఈ రోజుల్లోనే రాసి, ఇంట్లో మీకు గట్టిగా చెప్పగల మనిషి చేతికివ్వండి. ఆ తేదీ రాగానే దాన్ని తెచ్చి మీ ముందు పెట్టమనండి.