వివాహం, స్త్రీలు, లేఖనం: వాదన ఎలా నడపాలి

భార్య లోబడాలా? స్త్రీ సంఘంలో బోధించవచ్చా? విడాకుల తర్వాత మళ్లీ పెళ్లి చెల్లుతుందా? క్రైస్తవులు లేఖనం, అంటే బైబిలు, చూపి వాదించే ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. చాలా వాదనలు మొదటిదానితో మొదలై కాసేపటికే మూడోదానిలోకి జారిపోతాయి. అందుకే ముందు ఒక్క ప్రశ్నను కాగితంమీద రాసి, ఇద్దరూ ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి.

ఆ వెంటనే, ఏ ప్రమాణంతో తేల్చాలో అడగండి. ప్రొటెస్టెంటులకు లేఖనమే అంతిమ ప్రమాణం. కథోలికులు దానితోపాటు సంఘ సంప్రదాయాన్నీ బోధనాధికారాన్నీ చూస్తారు. స్త్రీలకు గురుపట్టం (ప్రీస్టు పదవి) ఇచ్చే అధికారం సంఘానికి లేదని 1994లో పోపు రెండవ జాన్ పాల్ ప్రకటించారు. ఆ ప్రకటనను పక్కనపెట్టి వచనాలు ఎన్ని చూపినా కథోలికులతో వాదన కదలదు.

ఇక వచనం తీసుకున్నప్పుడు దాన్ని ఒంటరిగా చదవకండి. భార్యలు భర్తలకు లోబడాలనే ఎఫెసీ 5:22 ఎత్తేవాళ్లు 21 నుంచి 33 దాకా పైకి చదవాలి. 21 ఒకరికొకరు లోబడమంటుంది. అతి ప్రాచీన ప్రతుల్లో 22వ వచనానికి సొంత క్రియే లేదు, పై వచనం నుంచే తెచ్చుకోవాలి. భర్తకు చెప్పిన భాగం భార్యకు చెప్పినదానికన్నా పొడవు. క్రీస్తు సంఘంకోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించమంటుంది. అయితే అదే భాగంలో 23వ వచనం భర్తను శిరస్సు అంటుంది. సమానత్వం వాదించేవాళ్లు దాన్ని దాటవేయకూడదు.

అసలు చిక్కు 1 తిమోతి 2లో ఉంది. స్త్రీ బోధించకూడదనే 12వ వచనం అన్ని కాలాలకూ వర్తిస్తుందనేవారు, జడలు, బంగారంతో అలంకరించుకోవద్దనే 9వ వచనం ఎందుకు వర్తించదో చెప్పాలి. అది ఎఫెసు పట్టణంలోని దుర్బోధకే పరిమితమనేవారు, 13లో అపొస్తలుడు పౌలు ఆదామును, సృష్టిక్రమాన్ని ఎందుకు తెచ్చాడో చెప్పాలి. రెండువైపులా ఈ బరువు ఒప్పుకోని వాదన నిజాయితీగా సాగదు. 1 కొరింథీ 14:34 స్త్రీలను సంఘంలో మౌనంగా ఉండమంటే, అదే పత్రిక 11:5 స్త్రీలు ప్రార్థించడం, ప్రవచించడం జరుగుతున్న పనే అన్నట్టు మాట్లాడుతుంది. రోమా 16లో సంఘసేవ చేసిన స్త్రీలుగా ఫీబే, ప్రిస్కిల్ల, యూనీయ పేర్లున్నాయి. క్రీస్తులో పురుషుడని స్త్రీ అని లేదనే గలతీ 3:28 ఒక్కటే చూపి ఊరుకుంటే, అది రక్షణ గురించి చెప్పింది, పదవుల గురించి కాదని ఎదుటివారు సులువుగా తోసేస్తారు. ఆ జవాబుకు ముందే సిద్ధపడండి.

విడాకుల విషయంలో సువార్తలను పక్కపక్కన పెట్టండి. మార్కు 10, లూకా 16:18 మినహాయింపు ఇవ్వవు. మత్తయి 5:32, 19:9 వ్యభిచారానికి ఇస్తాయి. మత్తయి 19:3లో పరిసయ్యులు (యూదుల్లో ఒక మతవర్గం) అడిగింది ‘ప్రతి కారణానికీ’ విడిచిపెట్టవచ్చా అని. విడాకుల పత్రం గురించి చెప్పే ద్వితీయోపదేశకాండము 24:1పై యూదు గురువులు హిల్లెల్, షమ్మయిల శిష్యుల తగవు ఇదే. ఒక్క సువార్తతో ఆగితే సగం సంగతి తప్పిపోతుంది.

మీ వంతు రాగానే ఎదుటివారి వాదనను మీ మాటల్లో చెప్పి, ‘ఇదేనా?’ అని అడగండి. వారు అవునన్నాకే జవాబివ్వండి.

ఆ గదిలో దెబ్బలు తింటున్న భార్య ఉందని తెలిస్తే వాదన అక్కడే ఆపండి. 1 కొరింథీ 7:11లో పౌలు, భార్య విడిగా వెళ్లిపోయే పరిస్థితినీ ఎదుర్కొన్నాడు. ‘లోబడి ఉండు’ అని చెప్పి ఆమెను ఆ ఇంటికే పంపకండి. సురక్షిత చోటు, పోలీసు, న్యాయసహాయం ముందు చూడండి.