సరిహద్దు వర్తకుని చిట్టా, ఆవర్జా చదివే పద్ధతి

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ దుకాణపు పద్దులు ఎరిగినవారికి 18వ శతాబ్దపు అమెరికా సరిహద్దు వర్తకుని లెక్కలు అంత కొత్తగా తోచవు. పంటకు ముందే రైతుకు అడ్వాన్సు ఇచ్చి, టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాక సరుకు ధరలో మినహాయించుకునే తీరుగానే, అక్కడి వర్తకుడు తుపాకిమందు, సీసం, దుప్పట్లు వేటగాళ్లకు ముందుగా అరువిచ్చి జింకతోళ్లు వచ్చాక జమ కట్టుకునేవాడు. కామర్స్ ప్రాజెక్టుకు ఈ అంశం ఎంచుకున్నవారు ఫిలడెల్ఫియాకు చెందిన బేంటన్, వార్టన్ అండ్ మోర్గాన్ సంస్థతో మొదలుపెట్టడం మేలు. దాని పత్రాలు పెన్సిల్వేనియా రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ముందుగా సరుకు నడిచిన దారిని కాగితంపై గీసుకోవాలి. లండన్ నుంచి అరువు మీద ఓడలో ఫిలడెల్ఫియాకు, అక్కడి నుంచి కొండలు దాటి పిట్స్‌బర్గ్‌కు, తరువాత పడవల్లో ఒహాయో నది దిగువకూ ఆపై మిసిసిపీ ఎగువకూ సాగి, 1766లో సంస్థ భాగస్వామి జార్జ్ మోర్గాన్ వెళ్లిన, ఇల్లినాయ్ ప్రాంతంలోని కస్కాస్కియా అనే ఊరికి అది చేరేది. ప్రతి మజిలీలోనూ రవాణా ఖర్చు ఎక్కుతుంది కనుక, ఫిలడెల్ఫియా ధరకూ కస్కాస్కియా ధరకూ ఉన్న తేడా అంతటినీ లాభమని రాసేయకూడదు.

ఆ తరువాత ఏ రోజు లావాదేవీలు ఆ రోజే ఎక్కించిన చిట్టా చదివి, అప్పుడే ఖాతాదారుల పేరిట పద్దులు విడదీసిన ఆవర్జాకు వెళ్లాలి. ఎడమవైపు ‘టు’తో మొదలయ్యేవి ఖాతాదారు తీసుకున్నవి, కుడివైపు ‘బై’తో మొదలయ్యేవి అతడు చెల్లించినవి. అసలు కథంతా కుడివైపే ఉంటుంది. రొక్కం అరుదు, తోళ్లే ఎక్కువ.

పౌండ్లలో రాసినంత మాత్రాన పౌండ్లు చేతులు మారాయని అనుకోరాదు, అది కేవలం కొలమానం. పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. పెన్సిల్వేనియా లెక్కలో స్పానిష్ డాలరు 7 షిల్లింగుల 6 పెన్నీలు, న్యూయార్క్ లెక్కలో 8 షిల్లింగులు. అంటే 3 పౌండ్ల 15 షిల్లింగుల బాకీ పెన్సిల్వేనియాలో సరిగ్గా 10 డాలర్లు కాగా, న్యూయార్క్‌లో తొమ్మిదిన్నరకు లోపే. ఖాతా ఏ కాలనీ లెక్కలో ఉందో తేల్చుకోకుండా కూడిక మొదలుపెట్టవద్దు.

చివరగా రాని బాకీలను వేరే కాగితంపై తేదీలవారీగా రాసుకోవాలి. సరుకు చేరడం, తోళ్లు తిరిగి రావడం నెలల తరబడి సాగుతుంటే సంస్థకు అప్పిచ్చినవాళ్లు ఆగలేదు. 1767లో సంస్థ వ్యవహారం వారి ధర్మకర్తల చేతికి వెళ్లింది. 1768 ఫోర్ట్ స్టాన్‌విక్స్ ఒప్పందంలో, 1763 నాటి ఆదివాసుల తిరుగుబాటులో సరుకు పోగొట్టుకున్న వర్తకులకు ఆ నష్టాలకు బదులుగా ఇరోక్వాయ్ తెగలవారు భూమి రాసిచ్చారు కాబట్టి, 1763 నాటి నష్టపు పద్దులను ‘రాని బాకీ’ అని కొట్టేయక విడిగా ఉంచుకోవాలి.