పేరడీ పండకపోతే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

బాగా అమ్ముడవుతున్న పుస్తకం మీదో, ఆడుతున్న సినిమా మీదో సరదాగా ఒక పేరడీ రాయాలని చాలామందికి అనిపిస్తుంది. తీరా రాసి వినిపించాక ఎదుటివారు మొహమాటానికి నవ్వితే, తేడా ఎక్కడ వచ్చిందో తెలియక ఆ ప్రయత్నాన్ని అక్కడితో వదిలేస్తారు. స్కిట్లు, పేరడీ పాటలు రాస్తూ నేను పడ్డ ఇబ్బందులనూ, వాటిని సరిదిద్దుకున్న తీరునూ ఇక్కడ చెబుతున్నాను. మూలాన్ని తగినంత శ్రద్ధగా చూడకపోవడమే వీటిలో చాలావాటికి కారణమని నా నమ్మకం.

సమస్య: స్కిట్ వేస్తే సభలో ఎవరూ నవ్వలేదు

ఒక ఉగాదికి మా కాలనీ వేడుకలో, అప్పట్లో ఆడుతున్న ఒక యాక్షన్ సినిమా మీద స్కిట్ వేశాం. కథను మలుపు మలుపునా వెక్కిరిస్తూ పది నిమిషాలకు సరిపడా సంభాషణలు రాశాను. ముందు వరుసల్లో కూర్చున్న పెద్దవాళ్లలో చాలామంది ఆ సినిమా చూడలేదు కనుక వాళ్లకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయితే హీరో మెల్లగా నడిచి వచ్చే చోట, పదో తరగతి చదివే కుర్రవాడు ఒకడు టేబుల్ ఫ్యాను ఎత్తి పట్టుకుని, అతని చొక్కా రెపరెపలాడేలా పక్కనే వంగి వంగి నడిచాడు. ఫ్యాను వైరు చాలక ఇద్దరూ అక్కడే ఆగిపోయేసరికి సభంతా ఘొల్లుమంది.

కారణం ఆలోచిస్తే తేలికగానే తెలిసింది. నేను వెక్కిరించిన కథ ఆ ఒక్క సినిమాది. ఆ కుర్రవాడు పట్టుకున్నది అలాంటి సినిమాలన్నిటికీ ఉన్న అలవాటు. సినిమా చూడనివారు కూడా ఆ నడకను పోస్టర్ మీదో, టీవీలోనో చూసే ఉంటారు.

పరిష్కారం: రాయడానికి ముందు ఆ సినిమాను రెండోసారి చూడండి. ఈసారి కథను పక్కన పెట్టి, పదే పదే కనిపించే వాటిని మాత్రమే కాగితం మీద రాసుకోండి. హీరో ముఖం చూపించే ముందు ఎన్నిసార్లు కాళ్లు చూపించారు, విలన్ అనుచరులు ఒక్కొక్కరుగానే ఎందుకు ముందుకు వస్తారు, ఎడారిలో పాట పాడే కథానాయిక ఎన్ని చీరలు మార్చింది వంటివి రాసుకోవాలి. ఆ జాబితాలోంచి అందరికీ తెలిసిన ఒకటి రెండింటిని ఎంచుకుని, మొదటి నిమిషంలోనే చూపించాలి.

సమస్య: పేరడీ పద్యం చమత్కారంగానే ఉంది గానీ నోటికి పట్టడం లేదు

మాటలు మార్చినా నడక మార్చకూడదన్న నియమాన్ని మరిచిపోవడం దీనికి కారణం. శ్రీశ్రీ కవితలకు జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రి కట్టిన పేరడీలను ఇప్పటికీ చెప్పుకుంటున్నామంటే, ఆ కవితల లయ ఆయన చెవిలో అంతగా నాటుకుని ఉండటం వల్లనే. లయ వినగానే మూలం గుర్తుకు వస్తుంది. ఆ గంభీరమైన లయలో అల్పమైన విషయం వినిపించినప్పుడు నవ్వు వస్తుంది.

ఉదాహరణకు గురజాడ వాడిన ముత్యాల సరం అనే ఛందస్సును తీసుకుందాం. ఇందులో పాదానికి మూడు, నాలుగు, మూడు, నాలుగు చొప్పున 14 మాత్రలుంటాయి (పొట్టి అక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికీ, సున్నా ఉన్న అక్షరానికీ, ఒత్తక్షరానికి ముందున్న అక్షరానికీ రెండేసి); చివరి పాదం కురచగా ఉండవచ్చు. ‘గుత్తునా ముత్యాల సరములు’ అన్న పాదాన్ని గుత్తు, నాము, త్యాల, సరములు అని విడదీసి చూస్తే లెక్క సరిపోతుంది. నేను మొదట ‘హీరో తొడ కొట్టగానే సుమోలన్నీ గాల్లోకి లేచాయి’ అని రాసుకున్నాను. ఊహ ఫరవాలేదు గానీ అది వట్టి వచనం. మాత్రలు లెక్కపెట్టి మార్చాక ఇలా వచ్చింది:

తొడను కొట్టగ సుమో లేచెను
గాలిలోనే గంటసేపటి
దాక తిరిగెను, దిగుట కొరకై
దారి అడిగెను

వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పైకి చదవండి. ఎక్కడ నాలుక తట్టుకుంటే అక్కడ ఒక మాత్ర ఎక్కువో తక్కువో అయిందని అర్థం.

సమస్య: పుస్తకం మీద పేరడీ రాస్తే సారాంశంలా తయారైంది

వ్యక్తిత్వ వికాస పుస్తకాల మీద రాసేవారికి ఇది తరచుగా ఎదురవుతుంది. రచయిత ఏం చెప్పాడన్న దాని మీద దృష్టి పెట్టి, ఎలా చెప్పాడన్నది వదిలేయడమే కారణం. ఏవైనా రెండు పేజీలు తీసుకుని పెన్సిలుతో గుర్తులు పెట్టండి. అధ్యాయం ఎవరి కథతో మొదలైంది, ఆ కథలోని గురువుకు ఊరూ పేరూ ఉన్నాయా, ఒకే సలహా ఎన్ని మాటల్లో తిరిగి వచ్చింది, చివర పెట్టె కట్టి ఏం రాశారు అన్నవి చూడాలి. తరువాత అదే వరుసను, అదే ధీమాను ఉంచి, పప్పు తాలింపు పెట్టడం గురించి ఒక అధ్యాయం రాయండి. ఆవాలు చిటపటలాడే లోపు ఏడు సూత్రాలు చెప్పవలసి వచ్చినప్పుడు ఆ శైలిలోని సాగదీత దానంతట అదే బయటపడుతుంది.

సమస్య: మొదట నవ్వినవారు కాసేపటికి ఫోన్లు చూసుకుంటున్నారు

ఒకే హాస్యాన్ని ఒకే మోతాదులో మళ్లీ మళ్లీ వడ్డించారన్నమాట. ప్రతిసారీ ఒక మెట్టు ఎక్కించండి, లేదా మూడు నిమిషాలకే ముగించండి.

సమస్య: కొందరు నొచ్చుకున్నారు

వేళాకోళం సినిమాను వదిలి మనిషి మీదికి పోయినప్పుడు ఇలా జరుగుతుంది. నటుడి ఒడ్డూ పొడుగూ, రంగూ, కులమూ పేరడీకి విషయాలు కావు. యాస గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన సినిమాలు చాలాకాలం తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాటలను హాస్యగాళ్లకూ విలన్లకూ అంటగట్టాయి. పేరడీలో మనం కూడా ఆ యాసతోనే నవ్వించాలని చూస్తే ఆ తప్పునే మళ్లీ చేసినట్టవుతుంది. ఆ అంటగట్టడాన్నే వెక్కిరించవచ్చు: అచ్చమైన పుస్తక భాషలో బెదిరించే ఫ్యాక్షనిస్టును పెట్టి చూడండి.

సమస్య: పెట్టిన వీడియోను తీసేశారు

ఇందుకు సాధారణంగా కారణం హాస్యం కాదు, వెనక వినిపించే అసలు పాట. యూట్యూబ్ వంటి చోట్ల హక్కులున్న ధ్వనిని యంత్రమే పోల్చి పట్టేస్తుంది. మన 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శ, సమీక్షల కోసం న్యాయమైన వాడకాన్ని అనుమతిస్తుంది గానీ, అందులో పేరడీ అన్న మాట లేదు. ఒక మలయాళ నాటకాన్ని విమర్శిస్తూ రాసిన ప్రతినాటకం వివాదంలో 1996లో కేరళ హైకోర్టు, మూలం నుంచి ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, అది మూలానికి పోటీ అవుతుందా అన్న మూడు ప్రశ్నలు వేసుకుని, ప్రతినాటకం వైపే మొగ్గింది. కాబట్టి గుర్తుపట్టడానికి కావలసినంతే తీసుకోండి. పాట తప్పనిసరి అనుకుంటే, సినిమా బాణీని సొంతంగా వాయించినా హక్కుల చిక్కు పోదు కనుక, బుర్రకథ వరసలోనో కోలాటం వరసలోనో మాటలు కట్టుకుని మీ గొంతుతోనే పాడండి.