హీటర్ ఆన్ చేసే ముందు: ఇంట్లో హెర్మిట్ క్రాబ్ ఉన్నవాళ్ళకి చలికాలం జాగ్రత్తలు

అమెరికాలో ఎండాకాలం సెలవులకి ఓషన్ సిటీకో మర్టిల్ బీచ్‌కో వెళ్ళొచ్చాక, పిల్లల పట్టుదల వల్ల మన తెలుగువాళ్ళ ఇళ్ళలో కూడా ఒక హెర్మిట్ క్రాబ్, అంటే ఖాళీ నత్తగుల్లలో ఒళ్ళు దాచుకుని బతికే పీత, వచ్చి చేరుతుంటుంది. షాపువాళ్ళు చిన్న వైర్ కేజ్, ఒక స్పాంజ్, గుప్పెడు రంగు గులకరాళ్ళు, ఒక డబ్బా తిండి చేతిలో పెట్టి, ఇంకేమీ అక్కర్లేదని పంపించేస్తారు. ఆగస్టు, సెప్టెంబర్ ఎలాగో గడుస్తాయి. ఇంట్లో హీటర్ మొదలైన కొన్నాళ్ళకి పీత కదలడం మానేస్తుంది, తిండి ముట్టదు, ఒకరోజు పొద్దున చూస్తే కాలు ఊడి పక్కన పడి ఉంటుంది. అప్పుడు ఏ మందు వేయాలా అని వెతకడం మొదలవుతుంది.

వేయడానికి మందంటూ ఏమీ లేదు. గాలిలో తేమ, వేడి, నీళ్ళు, ఇసుక సరిచేసి దాని మానాన దాన్ని వదిలేయడమే వైద్యం. జబ్బు పడ్డాక ఇవన్నీ హడావిడిగా మార్చడం కష్టం, మార్చినా చాలాసార్లు ఆలస్యమైపోతుంది. అందుకే చలి రాకముందే చూసుకోమని చెబుతున్నాను.

ముందు దాని ఊపిరి సంగతి తెలుసుకోవాలి. షాపుల్లో ఎక్కువగా దొరికేది కరేబియన్ జాతి, ఎడమవైపు పెద్ద ఊదారంగు డెక్క ఉంటుంది. నేల మీద తిరుగుతుంది కానీ పీల్చేది మొప్పలతోనే. ఆ మొప్పలు ఎప్పుడూ తడిగా ఉండాలి. చుట్టూ గాలిలో తేమ 75 నుంచి 85 శాతం మధ్య ఉంటేనే దానికి ఊపిరి సరిగ్గా ఆడుతుంది. చలికాలంలో హీటర్ నడిచే ఇంట్లో తేమ 30 శాతానికి, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. మన పెదాలు పగిలే గాలిలో దానికి ఊపిరి ఆడదు. ఒక్కరోజులో చచ్చిపోదు, రోజులూ వారాలూ నీరసిస్తూ పోతుంది. అందుకే చాలామందికి కారణం అంతుపట్టదు.

కాబట్టి వైర్ కేజ్ ఉంటే ముందు దాన్ని వదిలించుకోండి. గాజు అక్వేరియం తీసుకుని పైన గాజు మూతో ప్లాస్టిక్ మూతో బిగుతుగా పెట్టాలి. పాత సామాన్లలో పది గ్యాలన్ల ట్యాంకు చవగ్గానే దొరుకుతుంది, ఒకటి రెండు చిన్న పీతలకి మొదట్లో అది సరిపోతుంది. రోజుకొకసారి మూత తీసి మూస్తే గాలి మారుతుంది. తేమ కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్ లోపల తప్పకుండా ఉండాలి, కానీ కొన్నది కొన్నట్టు నమ్మకండి. ఒక చిన్న మూతలో చెంచాడు ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా నాలుగు చుక్కల నీళ్ళు వేసి, హైగ్రోమీటర్‌తో పాటు జిప్‌లాక్ సంచిలో పెట్టి మూసేయండి. ఉప్పు మీటర్‌కి తగలకూడదు. రాత్రంతా ఉంచి పొద్దున్నే సంచి తెరవకుండానే చూస్తే 75 చూపించాలి. 68 చూపిస్తే మీ మీటర్ ఏడు తక్కువ చూపిస్తోందన్నమాట, ఆ లెక్క మూత మీద రాసి అంటించుకోండి. ఐదు నిమిషాల పని, కానీ చలికాలమంతా మీరు చూసే అంకె నిజమో కాదో తేలేది దీంతోనే.

తేమ తగ్గిందని కంగారుపడి రోజూ నీళ్ళు స్ప్రే చేయడం దాదాపు అందరూ చేసే పని. పైకి అద్దం మీద నీటి చుక్కలు కనిపిస్తాయి, మనకి తృప్తిగా ఉంటుంది. ఆ నీళ్ళన్నీ కిందికి దిగి ఇసుక అడుగున నిలిచిపోతాయి. అక్కడ పాతుకుని ఉన్న పీత ఉంటే మునిగిపోతుంది, ఇసుక కుళ్ళు వాసన వేస్తుంది. తేమ మూత దగ్గర తప్పించుకుపోతోంది కాబట్టి మూత సందులు టేపుతో మూయండి, నీళ్ళ గిన్నెలు పెద్దవి పెట్టండి, నాచు కొంచెం తడిపి ఒక మూల ఉంచండి. ట్యాంకుని హీటర్ గాలి వచ్చే వెంట్ దగ్గరా, కిటికీ పక్కనా పెట్టొద్దు.

వేడి 75 నుంచి 85 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. హీట్ మ్యాట్‌ని ట్యాంకు వెనక అద్దానికి, ఇసుక మట్టం పైన అంటించాలి, థర్మోస్టాట్ తగిలించాలి. కింద పెడితే పీత ఎంత లోతుకి తవ్వుకుంటే అంత కాలుతుంది. బల్బు వేడి గాలిని ఇంకా ఎండబెడుతుంది కాబట్టి అది వద్దు.

ఇసుక గురించి ఎంత చెప్పినా తక్కువే. హార్డ్‌వేర్ షాపులో దొరికే ప్లే శాండ్ ఐదు పాళ్ళు, కొబ్బరి పీచు పొడి ఒక పాలు కలిపి, క్లోరిన్ తీసిన నీళ్ళతో తడపాలి. గుప్పిట పట్టి నొక్కితే సున్నుండలా నిలవాలి, వేళ్ళ మధ్య నుంచి నీరు కారకూడదు. లోతు కనీసం ఆరు అంగుళాలు, పీత పెద్దదైతే దాని ఎత్తుకి మూడింతలు ఉండాలి. ఇంత లోతు ఎందుకంటే అది కుబుసం విడిచేది ఆ ఇసుక కిందే. తగినంత ఇసుక లేక ఆ పని వాయిదా వేసుకుంటూ పోయి చచ్చిపోయే పీతలు చాలా ఉన్నాయి.

నీళ్ళ గిన్నెలు రెండు ఉండాలి, ఒకటి మంచినీళ్ళు, రెండోది సముద్రపు ఉప్పునీళ్ళు. వంటింట్లో అయొడైజ్డ్ ఉప్పు కలిపితే అది సముద్రపు నీరు కాదు. అక్వేరియం షాపులో దొరికే మెరైన్ సాల్ట్, ఇన్‌స్టంట్ ఓషన్ లాంటిది, గ్యాలన్‌కి సుమారు అర కప్పు కలపాలి. రెండు గిన్నెలకీ కుళాయి నీళ్ళలోని క్లోరిన్ తీసే మందు వేయాలి. రాత్రంతా బకెట్‌లో ఉంచితే క్లోరిన్ పోతుంది కానీ చాలా ఊళ్ళలో కలిపే క్లోరమైన్ పోదు. గిన్నెలు పీత పూర్తిగా మునిగేంత లోతుండాలి, ఎక్కి బయటికి రావడానికి రాళ్ళో ప్లాస్టిక్ వలో వేయాలి. షాపువాళ్ళిచ్చిన స్పాంజ్‌తో పనిలేదు.

జబ్బా, కుబుసమా?

ఎక్కువ పీతలు మన చేతుల్లో చచ్చిపోయేది ఈ ప్రశ్న దగ్గరే. కుబుసం విడిచే ముందు పీత అచ్చం జబ్బు చేసినట్టే ఉంటుంది. కళ్ళు మసకబారతాయి, ఒళ్ళు బూడిద రాసినట్టు వెలిసిపోతుంది, మీసాలు ఆడించడం తగ్గిస్తుంది, కదలకుండా పడి ఉంటుంది. అంతకుముందు కొన్ని రోజులు విపరీతంగా తిని, నీళ్ళ గిన్నెల్లోనే కూర్చుని ఉండొచ్చు. ఇదివరకు ఊడిన కాలు ఉంటే ఆ చోట మెత్తని, లేతగా నిగనిగలాడే చిన్న బుడిపె కనిపిస్తుంది. అది పుండు కాదు, కొత్త కాలు మొలుస్తోంది. తర్వాత ఇసుకలోకి దిగిపోతుంది. చిన్నవి నెల రెండు నెలల్లో పైకొస్తాయి, పెద్దవాటికి ఇంకా ఎక్కువ నెలలు పట్టొచ్చు. అన్నాళ్ళూ తవ్వకూడదు. చచ్చిపోయిందేమో అన్న అనుమానంతో తవ్వితే, కొత్త చర్మం ఇంకా మెత్తగా ఉన్న పీతని మన వేళ్ళతోనే చంపినట్టు. పిల్లలకి ఈ మాట గట్టిగా చెప్పండి, కావాలంటే ట్యాంకు మీద తేదీ రాసిన కాగితం అంటించండి.

ఒక్కోసారి ఇసుక పైనే కుబుసం విడుస్తుంది. అప్పుడు దాన్ని జరపొద్దు. అడుగు కోసేసిన ప్లాస్టిక్ సీసాని దాని చుట్టూ ఇసుకలోకి దిగ్గొట్టి మిగతా పీతలు తినేయకుండా అడ్డం పెట్టి, సీసా మూత తీసే ఉంచి, పైన ముదురు గుడ్డ కప్పండి. విడిచిన పెంకుని తీసేయకండి, దానిలోని కాల్షియం కోసం అదే తింటుంది.

ట్యాంకులో చచ్చిన పీతలా ఏదో కనిపిస్తే పారేసే ముందు దగ్గరగా చూడండి. కాళ్ళు, డెక్కలు డొల్లగా, తేలిగ్గా, నొక్కితే పుటుక్కుమనేలా ఉండి వెనక మెత్తని పొట్ట లేకపోతే అది ఒట్టి కుబుసం. నిజంగా చచ్చిపోతే పొట్టతో సహా గుల్లలోంచి వేలాడుతూ బయటికొస్తుంది, కుళ్ళిన చేప వాసన గది అంతా పడుతుంది. ఆ వాసన లేనంతవరకు బతికే ఉందనుకోండి.

కుబుసం కాకుండా నిజంగా కష్టంలో ఉంటే చూపే గుర్తులు వేరు. కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఊడిపోవడం, పట్టుకుంటే గుల్లలోకి ముడుచుకోకుండా వేలాడిపోవడం, అన్నిటికంటే ముఖ్యంగా గుల్ల వదిలేసి ఒట్టి ఒంటితో తిరగడం. అలా తిరుగుతుంటే చిన్న డబ్బాలో వేలు మందం తడి ఇసుకో తడి నాచో వేసి, దాని పాత గుల్లని, దాదాపు అదే సైజువి రెండు మూడు టర్బో (ఒక రకం సముద్రపు నత్త) గుల్లల్ని క్లోరిన్ లేని నీళ్ళలో కడిగి పక్కన ఉంచి, పీతని అందులో పెట్టి, డబ్బాని ట్యాంకు లోపలే చీకటిగా మూసి ఉంచండి. చేత్తో గుల్లలోకి తోయాలని చూడొద్దు. రంగులేసిన గుల్లలు అసలు పెట్టొద్దు, పెచ్చులూడిన రంగుని అవి తింటాయి. తేమ, వేడి అంకెలు చూసుకుని, తేనె కానీ ఉప్పులేని కొబ్బరి ముక్క కానీ దగ్గర పెట్టి, ఇక చూడకండి. చేపల మందులు వేయొద్దు, చాలావాటిలో రాగి ఉంటుంది, అది పీతలకి విషం.

మన ఇళ్ళలో ప్రత్యేకంగా

పీత కూడా పురుగుల బంధువే. బొద్దింకని చంపేది దీన్నీ చంపుతుంది. దోమల లిక్విడ్ మెషీన్, కాయిల్, హిట్ స్ప్రే, లక్ష్మణరేఖ, కుక్కకి వేసే గోమార్ల మందు, అపార్ట్‌మెంట్‌వాళ్ళు చేయించే పెస్ట్ కంట్రోల్, ఇవేవీ ఆ గదిలోకి రాకూడదు. స్ప్రే కొట్టిస్తారని తెలిస్తే ముందురోజే ట్యాంకుని వేరే ఇంటికి తీసుకెళ్ళండి. అగరొత్తులు, సాంబ్రాణి, దీపావళికి ఇంట్లో కాల్చే కాకరపువ్వొత్తులు, ఎండుమిర్చి పోపు ఘాటు దాకా పొగ ఏదైనా ఆ తడి మొప్పలకి మంచిది కాదు. దేవుడి గదిలోనో వంటింటి గట్టు మీదో ట్యాంకు ఉంటే ఈ వారమే మార్చండి. కారం, పసుపు, లోషన్ అంటిన చేతులతో నీళ్ళ గిన్నెలు ముట్టుకోవద్దు.

కరెంటు పోతే ఏం చేయాలో ఇప్పుడే అనుకోండి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో లక్షల ఇళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ట్యాంకుకి మూడువైపులా, పైనా దుప్పట్లు చుట్టండి, వేడినీళ్ళ సీసాలు తువ్వాల్లో చుట్టి బయట అద్దానికి ఆనించండి. చేతులు వెచ్చబెట్టుకునే వార్మర్లు లోపల వేయొద్దు, అవి గాలిలో ఆక్సిజన్ వాడేసుకుంటాయి. బొగ్గుల గ్రిల్ మాత్రం ఎవరి కోసమూ ఇంట్లోకి తేవద్దు, దాని పొగతో మనుషుల ప్రాణాలే పోతాయి.

సంక్రాంతికి ఇండియా వెళ్తుంటే మూడు నాలుగు వారాలు ఎవరికి అప్పజెప్పాలో ముందే చూసుకోండి. హీటర్ పూర్తిగా ఆపేసి వెళ్ళే ఇంట్లో దాన్ని వదిలేయకండి. చూసుకునేవాళ్ళకి మెషీన్ల వివరాలు అక్కర్లేదు: రెండు రోజులకొకసారి రెండు గిన్నెల నీళ్ళు మార్చాలి, ఏ డబ్బా నీళ్ళు ఏ గిన్నెలోనో రంగు టేపుతో గుర్తు పెట్టి ఇవ్వండి, తేమ 75 కిందికి పడితే మీకు మెసేజ్ పెట్టాలి, పీత కనిపించకపోతే తవ్వకూడదు. ఈ చివరిది రెండుసార్లు చెప్పండి.

ఇక మావల్ల కాదు అనిపిస్తే న్యూజెర్సీ బీచ్‌లో వదిలేయడం దయ కాదు, ఆ చలికి బతకదు. ఈ పీతలు ఇళ్ళలో పిల్లల్ని పెట్టడం చాలా అరుదు, షాపుల్లో కనిపించేవన్నీ దాదాపుగా సముద్రపు ఒడ్డున పట్టుకొచ్చినవే. అక్కడ ముప్ఫై ఏళ్ళ దాకా బతకగలవు, మీ ఇంట్లోది మీ పిల్లవాడికంటే వయసులో పెద్దదే అయి ఉండొచ్చు. ల్యాండ్ హెర్మిట్ క్రాబ్ ఓనర్స్ సొసైటీవాళ్ళు దత్తత కార్యక్రమం నడుపుతారు, మీ రాష్ట్రంలో తీసుకునేవాళ్ళు ఉన్నారేమో అడగండి. అప్పజెప్పేటప్పుడు పాత గుల్లలు కూడా పంపండి, కొత్తచోట కుదురుకోవడానికి పనికొస్తాయి.